మత్స్యగెడ్డ దిగిన మెట్లు

గోదావరి ఎక్కడ పుట్టిందని అడిగితే మా బడిలో ఐదో తరగతి పిల్లలందరూ ఒకే గొంతుతో చెబుతారు: మహారాష్ట్రలో, నాసిక్ దగ్గర, త్ర్యంబకేశ్వరంలో. ఉపనదుల పేర్లు కూడా గడగడా అప్పజెబుతారు. మంజీర, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. మంచిదే. ఒకరోజు పాఠం అయ్యాక మేము వేరే ప్రశ్న వేశాం. "మన ఊరి కింద పారే గెడ్డ నీళ్లు ఎక్కడికి పోతాయి?" కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరికి వెనక వరసలో ఒక పాప లేచి "జోలాపుట్టుకి పోతాయి టీచర్" అంది. "అక్కడి నుంచి?" అని అడిగాం. పాప కొంచెం ఆలోచించి "కరెంటులోకి పోతాయి" అంది.

పిల్లలందరూ నవ్వారు. మాకు నవ్వు రాలేదు. ఆ పాప చెప్పింది తప్పు కాదు. ఈ కొండల్లో నదిని గురించి ప్రభుత్వాలు డెబ్బై ఏళ్లుగా చెబుతున్నది కూడా అదే. కానీ ఆ నీళ్లు కరెంటులో ఆగిపోవు. మన గెడ్డ నీరే మాచ్‌ఖండ్ అవుతుంది, సీలేరు అవుతుంది, శబరిలో కలుస్తుంది, కూనవరం దగ్గర గోదావరి అవుతుంది, ధవళేశ్వరం దాటి సముద్రంలో పడుతుంది. పిల్లలు అప్పజెప్పే పాఠంలో శబరి వరకే ఉంది. శబరికి నీళ్లిచ్చే మన నది లేదు. ఆ ఖాళీని పూరించడానికి మేము పెద్దలను అడిగినవీ, పుస్తకాల్లో చూసినవీ, మేమే తిరిగి తెలుసుకున్నవీ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాం.

ముందు కొండ సంగతి. పాడేరు పీఠభూమి సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఈ తూర్పు కనుమల నెత్తి మీద పడిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వాలు మీద పడితే గోస్తనిలోకో, శారదలోకో, వరాహలోకో, తాండవలోకో దిగుతుంది. అవన్నీ పొట్టి నదులు. ఘాట్ దిగగానే మైదానం, మైదానం దాటగానే సముద్రం. గోస్తని భీమునిపట్నంలో కలిసిపోతుంది. అదే చినుకు నాలుగడుగులు పడమరగా పడిందా, దాని ప్రయాణం వేరు. అది మాడుగుల కొండల్లో పుట్టిన మత్స్యగెడ్డలోకి జారి, సముద్రానికి వీపు పెట్టి ఉత్తరంగా నడుస్తుంది. ఒడిశాలోని పడువా లోయలో పాములా మెలికలు తిరుగుతుంది. అక్కడి నుంచి ఒక్కసారిగా నైరుతికి మళ్లి డుడుమ దగ్గర 500 అడుగులకు పైగా లోతుకు దూకుతుంది. ఆ తర్వాత రెండు రాష్ట్రాల సరిహద్దు వెంట దిగి, మోటు, కుంట ఊళ్ల దగ్గర శబరిని కలుస్తుంది. పొరుగున సముద్రం ఉండగా ఇంత దూరం చుట్టి వచ్చే నదిని చూస్తే, పెళ్లి పిలుపులకు అన్ని ఊళ్లూ తిరిగి వచ్చే మేనమామ గుర్తొస్తాడు.

ఈ కొండల రాయికి ఒక కథ ఉంది. ఎర్రమచ్చలతో, బూడిద రంగులో, చేత్తో నలిపితే పొడి రాలే రాయి మన దారుల పక్కన ఎక్కడ చూసినా కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రంలో దాని పేరు ఖోండలైట్. 1902లో వాకర్ అనే శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు. ఈ కొండల్లో ఉండే ఖోండుల పేరునే, అంటే మనం సామంతులని కూడా పిలిచే మన వాళ్ల పేరునే, రాయికి పెట్టాడు. మేము టీచర్ ట్రైనింగ్ చదివిన రోజుల్లో రాళ్ల పాఠం ఉంది గాని ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఎక్కడో మైదానంలో గుడి మెట్లకు వేసిన రాయిలో కూడా మన తెగ పేరు ఉందని తెలిసిన రోజు మాకు చాలా సేపు అదే ఆలోచన.

ఖోండలైట్ లక్షలాది ఏళ్లు ఎండకూ వానకూ నాని, కరిగి, కొండల నెత్తిన ఎర్ర టోపీలా మిగిలింది. ఆ టోపీలోనే బాక్సైట్ ఉంది. జెర్రెల, సప్పర్ల, గాలికొండ, రక్తకొండ పేర్లు అందుకే పేపర్లలో వస్తుంటాయి. ఆ ఎర్ర పొర గుల్లగా ఉంటుంది. నాలుగు నెలల వానను తాగి, కిందనున్న గట్టి రాతి దగ్గర ఆగి, కొండ నడుము మీద ఊటలుగా వదులుతుంది. మన ఆడవాళ్లు మే నెలలో కూడా బిందె నింపుకొనే ఊట అదే. గ్రావిటీ పథకం పైపు పెట్టేది ఆ ఊటకే. మంచు కరిగి పారే నదులు హిమాలయాల్లో ఉన్నాయి. మన నదికి మంచు లేదు. కొండ కడుపులో దాచుకున్న వానే మన మంచు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి వాన, ఆపైన అక్టోబరు, నవంబరు తుపానుల వాన. ఈ రెండింటినీ కొండ పట్టి ఉంచితేనే వేసవిలో గెడ్డ పారుతుంది.

మత్స్యగెడ్డకు ఆ పేరు తెచ్చింది హుకుంపేట మండలంలోని మఠం ఊరి దగ్గరున్న మత్స్యగుండం. అక్కడ గెడ్డ పెద్ద పెద్ద బండల కిందికి దూరి మాయమవుతూ తేలుతూ పోతుంది. గుండంలో చేపలు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటిని ఎవరూ పట్టరు, తినరు, దండం పెట్టి పుట్నాలు వేస్తారు. శివరాత్రికి జాతర జరుగుతుంది. దీన్ని వట్టి భక్తిగా చూసి వదిలేయకూడదని మా అభిప్రాయం. చేప గుడ్లు పెట్టే లోతు నీటిని ముట్టుకోకూడదని ఒక కట్టు పెట్టుకుంటే, దాని కిందా మీదా ఉన్న ఊళ్లకు చేప దొరుకుతుంది. మా చిన్నప్పుడు వానకాలం మొదట్లో గెడ్డకు ఎదురెక్కే చేపను పట్టకూడదని తాత తిట్టేవాడు. అప్పుడు దైవభయం అనుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే తాతకు లెక్క తెలుసు.

ఈ నది ఒడ్డున ఎంతమంది ఉన్నారో చూడండి. ఎగువన భగత, కొండదొర, కోటియా, వాల్మీకి, ఖోండు, పోర్జ, గదబ, కమ్మర, మాలి. డుడుమ చుట్టూ కొండల మీద బొండోలు. బలిమెల పైన కొండకంబేరు వైపు దిదాయిలు. దిగువన సీలేరు దాటాక కోయలు, కొండరెడ్లు. గదబల గుతోబ్, బొండోల రెమో, దిదాయిల గ్తా భాషలు ముండా కుటుంబానివి. కొండదొరల కుబి, ఖోండుల కువి, కోయ భాష ద్రావిడ కుటుంబానివి, అంటే తెలుగుకు అక్కచెల్లెళ్లు. సంతలో అందరినీ కలిపేది ఆదివాసీ ఒరియా, అది ఇంకో కుటుంబం. ఒకే నది పొడవునా మూడు భాషా కుటుంబాలు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు కొండ లేదా కుబి భాష మీద 1969లో పెద్ద వ్యాకరణ గ్రంథం ప్రచురించారు. బొండోల మీద వెరియర్ ఎల్విన్ 1950లో పుస్తకం తెచ్చాడు. బయటివాళ్లు వచ్చి మన మాటలను ఇంత శ్రద్ధగా రాసుకున్నారు. మన బడిలో మాత్రం ఆ మాటలు ఆడితే పిల్లలను మందలించిన రోజులు ఉన్నాయి. మేమూ మందలించాం, దాచడం ఎందుకు.

పాలనకు వస్తే, మన ప్రాంతాన్ని ఏజెన్సీ అని ఎందుకంటారో చాలామంది కుర్రవాళ్లకు తెలియదు. 1839లో ఇంగ్లీషు కంపెనీ ఒక చట్టం చేసి గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండ ప్రాంతాలను మామూలు కోర్టుల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నరు ఏజెంటుగా పెట్టింది. ఆ ఏజెంటు ఏలిన చోటు ఏజెన్సీ. అప్పటికి నదికి రెండు వైపులా విశాఖపట్నం జిల్లాయే. ఒడ్డులు వేరైనా జిల్లా ఒకటే. జయపురం సంస్థానం, మాడుగుల జమీందారీ, ముఠాదార్లు ఇలా పై పెత్తనాలు ఎన్ని ఉన్నా, సంతకు పోయేవాడికి, పిల్లను ఇచ్చేవాడికి నది అడ్డు కాలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం తర్వాత పోడు మీద ఆంక్షలు పెరిగాయి. కొండ వాలును ఎవరు ఏం చేయాలన్నది రేంజి ఆఫీసులో నిర్ణయమయ్యే రోజులు వచ్చాయి. గూడెం కొండల్లో బాస్టియన్ అనే డిప్యూటీ తహశీల్దారు నర్సీపట్నం, చింతపల్లి రోడ్డుకు మన వాళ్ల చేత కూలి ఎగ్గొట్టి పని చేయించాడు. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజుతో కలిసి గాం గంటందొర, గాం మల్లుదొర దండెత్తడం వెనక ఈ రోడ్డూ, ఈ అడవి చట్టమూ ఉన్నాయి. ఆ కథ మన పిల్లలకు కొంత తెలుసు, దాన్ని ఇక్కడ మళ్లీ చెప్పం.

తెలియనిది 1936. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడింది. జయపురం, కోరాపుట్ వైపు ఒడిశాకు పోయాయి. ఇవతల మద్రాసు రాష్ట్రం మిగిలింది. మాచ్‌ఖండ్, సీలేరు నీటి మధ్య గీత పడింది. మా పెద్దమ్మను నది అవతలికి ఇచ్చారు. ఆమె మనవలు ఒరియా బడిలో చదువుతారు, మా పిల్లలు తెలుగు బడిలో. పండగకు కలిసినప్పుడు అందరూ ఆదివాసీ ఒరియాలో మాట్లాడుకుంటారు, పుస్తకాలు మాత్రం ఒకరివి ఒకరు చదవలేరు. కులం సర్టిఫికెట్టు కావాలంటే ఒకే వంశంలో ఇద్దరు అన్నదమ్ములు రెండు రాష్ట్రాల ఆఫీసుల చుట్టూ తిరుగుతారు. ఒనకఢిల్లీ గురువారం సంతకు పోయి చూడండి. అక్కడ సరిహద్దు ఎక్కడుందో పసుపు అమ్మే బొండో ముసలమ్మను అడిగితే ఆమె మన వైపు చూసి నవ్వుతుంది.

గీత పడ్డ పదేళ్లకు ఆ రెండు రాష్ట్రాలు నదిని పంచుకోవడానికి కూర్చున్నాయి. మద్రాసు, ఒడిశా ప్రభుత్వాలు 1940 దశకంలో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ పథకానికి ఒప్పందం చేసుకున్నాయి. మొదట కరెంటులో 70 పాళ్లు మద్రాసుకు, 30 పాళ్లు ఒడిశాకు. తర్వాత సగం సగం అయింది. ఎగువన జోలాపుట్టు దగ్గర పెద్ద ఆనకట్ట, దిగువన డుడుమ దగ్గర నీటిని మళ్లించే ఆనకట్ట, అక్కడి నుంచి కొండ అంచు మీదుగా గొట్టాల్లో దింపి ఒనకఢిల్లీ దగ్గర కరెంటు ఉత్పత్తి. 1955లో అది మొదలైంది. విద్యుత్ కేంద్రం ఎంత లోయలో ఉందంటే పనివాళ్లు వించ్ మీద దిగాలి. అప్పట్లో దేశం గర్వపడిన పథకం. ఆ గర్వాన్ని మేము తీసిపారేయడం లేదు. రాయిని పిండి వెలుగు తీసిన పనివాళ్లలో మన వాళ్లూ చాలామంది ఉన్నారు.

మా అమ్మమ్మ ఊరు జోలాపుట్టు నీళ్ల కింద ఉంది. ఆమె పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లగా ఉండగా గొలుసులు పట్టుకొని సర్వేవాళ్లు వచ్చారట. మీ ఊరు మునుగుతుంది, పైకి పొండి అన్నారట. ఎవరూ నమ్మలేదు. నీరు పల్లమెరుగు అంటారు గదా, నీరు మిట్టకెక్కడమేమిటని ఊరి నాయుడు నవ్వాడట. రెండో వానకాలం నీళ్లు వెనక్కి నడిచి వచ్చాయి. ముందు గెడ్డ పల్లంలో వరి మడులు మునిగాయి, తర్వాత చింతచెట్లు, ఆ తర్వాత నిసాని దేవత రాళ్లు. మనుషులు నెత్తిన గంపలు పెట్టుకొని కొండెక్కారు. అమ్మమ్మ ఇంటి దూలాలు విప్పి మోసుకు పోయారు గాని నిసాని రాళ్లను తేలేకపోయారు. దేవతను నీళ్లలో వదిలి వచ్చామనే మాట ఆమె చచ్చేదాకా అంటూనే ఉంది. ఇల్లు, పొలం గురించి అంతగా అనేది కాదు.

మాచ్‌ఖండ్ పథకం వల్ల దాదాపు 3,000 కుటుంబాలు కదలాల్సి వచ్చిందని, అందులో సగానికి పైగా ఆదివాసీ కుటుంబాలని పరిశోధకులు రాశారు. పునరావాసం కొద్దిమందికే అందింది. కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. అప్పుడు అమల్లో ఉన్నది 1894 భూసేకరణ చట్టం. పట్టా ఉన్నవాడికే పరిహారం. గెడ్డ పల్లంలో తరాలుగా గట్లు కట్టి మడులు చేసినవాళ్లకు పట్టా ఎవరిచ్చారు? కొండ వాలు మీద చోళ్లు, సామలు, కందులు, వలిసెలు పండించే పోడుకు అసలు కాగితమే లేదు. కాగితం లేని భూమి మునిగితే లెక్కలో అది మునగలేదు. ఇంకో సంగతి. మెట్లు మెట్లుగా మడులు కట్టి ఊట నీటితో వరి పండించే ఈ పద్ధతిని వెనకబాటుతనం అన్నారు. 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది. అమ్మమ్మ అప్పటికి లేదు.

ఇప్పుడు పిల్లలకు మేము ఇచ్చే లెక్క ఒకటి ఉంది. టీచర్లు దీన్ని వాడుకోవచ్చు. జలాశయాల పూర్తి నీటిమట్టాలు రోజూ పేపర్లో వచ్చేవే. జోలాపుట్టు 2,750 అడుగులు. డుడుమ 2,590. బలిమెల 1,516. సీలేరు గుంటవాడ 1,360. డొంకరాయి 1,037. పై మెట్టు నుంచి కింది మెట్టుకు తీసివేతలు చేయమంటాం. డుడుమకూ బలిమెలకూ మధ్య 1,074 అడుగుల తేడా రాగానే పిల్లలు తప్పు చేశామేమోనని మళ్లీ చూస్తారు. తప్పు కాదు, మాచ్‌ఖండ్ విద్యుత్ కేంద్రం ఉన్నది అక్కడే. మొత్తం మీద జోలాపుట్టు నుంచి డొంకరాయి దాకా నది 1,713 అడుగులు దిగింది. దిగిన ప్రతి మెట్టు దగ్గరా ఒక యంత్రం తిరుగుతుంది. మాచ్‌ఖండ్ 120 మెగావాట్లు, ఎగువ సీలేరు 240, డొంకరాయి 25, దిగువన పొల్లూరు దగ్గర 460. కూడితే 845. బలిమెల దగ్గర ఒడిశా సొంత కేంద్రం 510 మెగావాట్లది, అది వేరు. ఒకే నీటి చుక్క ఇన్ని చోట్ల పని చేస్తుంది. ఇంత పని చేసిన కూలి ఎవడైనా ఉంటే సాయంత్రం వాడి ఇంట్లో దీపం వెలగాలి. మాచ్‌ఖండ్ తీగలు మన నెత్తి మీదుగా విశాఖ వైపు పోయిన నలభై ఏళ్లకు మా ఊరికి కరెంటు వచ్చింది. అప్పటిదాకా మేము చదివింది కిరోసిన్ బుడ్డి ముందు.

బలిమెల సంగతి కొంచెం ఆగి చెప్పాలి. ఇది రెండు రాష్ట్రాల ఉమ్మడి ఆనకట్ట. 1960 దశకంలో మొదలై 1970 దశకంలో పూర్తయింది. నీళ్లు సగం ఒడిశా తీసుకొని కరెంటు చేసి పొట్టేరు కాలువల ద్వారా మల్కనగిరి పొలాలకు ఇస్తుంది, సగం కిందికి సీలేరుకు వదులుతుంది. జలాశయం నిండినప్పుడు మూడు వైపులా నీళ్లు, నాలుగో వైపు ఆంధ్రా అడవులు మిగిలి 150 వరకు ఊళ్లు ఒడిశా నుంచి తెగిపోయాయి. వాటికి కటాఫ్ ఏరియా అని పేరు పెట్టారు. మనుషులు ఉన్న చోటుకు ఇలాంటి పేరు ఎవరు పెడతారో మాకు అర్థం కాదు. పురిటి నొప్పులు వచ్చినా, రేషన్ బియ్యం కావాలన్నా లాంచీయే దిక్కు. దిదాయిల ఊళ్లు కొన్ని నీటి అడుగుకు పోయాయి, కొన్ని ఈ దీవిలో చిక్కాయి. వాళ్ల జనాభా కొన్ని వేలే. 910 మీటర్ల గురుప్రియ వంతెన 2018 జూలైలో తెరిచారు. ఆనకట్ట కట్టాక వంతెన రావడానికి నలభై ఏళ్లు పట్టింది.

మన వైపు కూడా చిన్న కటాఫ్‌లు చాలా ఉన్నాయి. ముంచింగిపుట్టు, పెదబయలు మండలాల్లో మత్స్యగెడ్డ పాయల అవతల ఉన్న ఊళ్ల పిల్లలు నాటు పడవ మీద బడికి వస్తారు. వానకాలం హాజరు పట్టీలో వాళ్ల పేర్ల ఎదుట సున్నాలు వరసగా ఉంటాయి. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ఆ సున్నాలు చూసి గిరిజన తల్లిదండ్రులకు చదువు మీద శ్రద్ధ లేదని మాకు ఉపన్యాసం ఇచ్చారు. మేము ఆయనను గెడ్డ దాకా రమ్మన్నాం. జీపు దిగలేదు.

డొంకరాయి దాటాక నీరు చాలా భాగం నదిలో పారదు. కొండ పక్కన తవ్విన పవర్ కెనాల్‌లో మోతుగూడెం వైపు పోయి, పొల్లూరు దగ్గర యంత్రాలు తిప్పి మళ్లీ నదిలో పడుతుంది. అక్కడి నుంచి శబరి. శబరి కూడా కోరాపుట్ కొండల బిడ్డే, పైన దాని పేరు కొలాబ్. అంటే అక్కచెల్లెళ్లు ఇద్దరూ వేరు వేరు దారుల్లో దిగి చింతూరు పైన కలుసుకుంటారు. తర్వాత కూనవరంలో గోదావరి. రబీ వచ్చిందంటే గోదావరి డెల్టా రైతు సీలేరు వైపు చూస్తాడు. ఎగువ నుంచి గోదావరిలో నీరు తగ్గిపోయే ఫిబ్రవరి, మార్చిలో దాళ్వా వరిని గట్టెక్కించేది చాలావరకు సీలేరు నుంచి వదిలే నీరే. ధవళేశ్వరం ఆనకట్ట పేరు చెప్పగానే కాటన్ దొరను తలుచుకునే రైతుకు, ఆ నీరు పెదబయలు కొండ మీద ఒక కొండదొర పోడు పక్క ఊటలో మొదలైందని చెప్పినవాళ్లు లేరు. తప్పు ఆయనది కాదు, మన పాఠాలది.

కూనవరం దగ్గర కథ తలకిందులవుతుంది. పైన కొండల్లో నీళ్లు దిగడం వల్ల కష్టం, ఇక్కడ నీళ్లు ఎక్కడం వల్ల. గోదావరి నిండితే శబరి పోవడానికి దారి లేక వెనక్కి తంతుంది. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. కూనవరం, వరరామచంద్రాపురం, చింతూరు మండలాల్లో కోయల ఊళ్లు వారాల తరబడి నీళ్లలో ఉన్నాయి. జనం కొండల మీద టార్పాలిన్లు కట్టుకున్నారు. ఈ మూడు మండలాలు 2014లో పోలవరం ప్రాజెక్టు కోసం తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చినవాటిలో ఉన్నాయి. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, అంటే 150 అడుగులు. అంతవరకు నిలిస్తే నీరు శబరి వెంట వెనక్కి పోతుంది. మా అమ్మమ్మ ఊళ్లో సర్వే గొలుసులు చూసిన డెబ్బై ఏళ్లకు, అదే నది చివరి మెట్టు మీద, కోయ అమ్మమ్మల ఇళ్ల గోడల మీద కాంటూరు అంకెలు రాశారు. గీత ఇవతల ఇంటికి పరిహారం, గీత అవతల ఇంటికి లేదు. వరదకు మాత్రం ఆ గీత తెలియదని 2022లో అందరూ చూశారు.

మళ్లీ కొండ నెత్తికి వద్దాం, ఎందుకంటే ఊట ఎండితే ఈ మెట్లన్నీ ఎండుతాయి. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు షెడ్యూల్డు ప్రాంతంలో భూమిని గనుల కోసం గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ కేసు మొదలైంది మన బొర్రా కొండల్లోనే. అయినా 2015 నవంబరులో జీవో 97 వచ్చింది, చింతపల్లి, జెర్రెల వైపు బాక్సైట్ తవ్వడానికి. ఊళ్లన్నీ కదిలాయి. టీచర్లు ఉద్యోగులు కాబట్టి ఊరేగింపులో ముందు నడవలేదు, నిజమే చెబుతున్నాం. కానీ ఊట ఎలా పుడుతుందో బోర్డు మీద బొమ్మ గీసి సాయంత్రాలు ఊళ్లలో చెప్పినవాళ్లు మాలో ఉన్నారు. 2019లో ఆ జీవో రద్దయింది.

గనులు రాలేదు గదా, మరి మా ఊరి ఊట వేసవిలో ఎందుకు సన్నబడింది? ఈ ప్రశ్నకు బయటివాళ్ల మీద నింద వేసి ఊరుకోలేం. పోడు మా తాతల రోజుల్లో పది, పన్నెండేళ్లకు ఒకసారి అదే వాలుకు వచ్చేది. ఈలోగా అడవి తిరిగి మొలిచేది. ఇప్పుడు జనం పెరిగారు, వాలు తగ్గింది, రెండు మూడేళ్లకే మళ్లీ కొడవలి పడుతోంది. మట్టి గెడ్డలోకి, గెడ్డ నుంచి జోలాపుట్టులోకి పోతోంది. నీలగిరి తోటలు డబ్బు కోసం ఊట పక్కనే వేసినవాళ్లు మా బంధువుల్లో ఉన్నారు. కాఫీ మన కొండలకు చాలా మేలు చేసింది, నీడ లేకుండా కాఫీ బతకదు కాబట్టి చెట్లు నిలబడ్డాయి. ఆ నీడకు అడవి చెట్లు ఉంచినచోట, ఒక్క సిల్వర్ ఓక్ మాత్రమే నాటినచోట ఊట తేడా చూడండని మా ఊరి పెద్దలు అంటారు. దీన్ని ఎవరైనా చదువుకున్న కుర్రాడు పదేళ్లు లెక్క పెట్టి రాస్తే బాగుండును. మత్స్యగుండంలో ఇప్పుడు చేపల మధ్య ప్లాస్టిక్ సీసాలు తేలుతున్నాయి. అవి ఘాట్ ఎక్కి వచ్చిన పర్యాటకులవి మాత్రమే కావు.

ఇక కొత్త మాట పంప్డ్ స్టోరేజి. ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పథకం రానుంది. దాని పని ఇలా ఉంటుంది: కరెంటు ఎక్కువగా ఉన్న వేళ కింది డొంకరాయి నీటిని పైన గుంటవాడకు తోడతారు, కరెంటు అవసరమైన వేళ అదే నీటిని కిందికి వదిలి యంత్రాలు తిప్పుతారు. సౌర విద్యుత్తును దాచుకునే పెట్టె లాంటిది. ఇక్కడ రెండు జలాశయాలూ ముందే ఉన్నాయి కాబట్టి కొత్తగా ఊళ్లు మునిగే బాధ తక్కువ. వేరే కొండల మీద కొత్త చెరువులు తవ్వి కట్టే ఇలాంటి పథకాలకు ఆ మాట చెప్పలేం. మేము వద్దని ఇక్కడ రాయడం లేదు. 1996 పెసా చట్టం, 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభను అడగమన్నాయి. అడిగేటప్పుడు పటం తెలుగులోనూ, ఆదివాసీ ఒరియాలోనూ చెప్పాలి, నీటిమట్టం గీత ఎవరి మడి మీదుగా పోతుందో నడిచి చూపాలి. అమ్మమ్మ ఊళ్లో ఆ పని జరగలేదు.

ఈ ఏడాది మా బడి పిల్లలతో గోడ మీద నది పటం వేయించాం. మఠం నుంచి కూనవరం దాకా పన్నెండు అడుగుల పొడవు వచ్చింది, రంగు చాలక చివర శబరి దగ్గర నీలం బదులు సిరా పూశాం. ఊళ్ల పేర్లు తెలుగులోనూ, అవతలి ఊళ్లవి మా పెద్దమ్మ మనవడు వచ్చి ఒరియాలోనూ రాశాడు. జోలాపుట్టు నీలం రంగు మధ్యలో మునిగిన ఊళ్లకు చుక్కలు పెట్టమని పిల్లలు ఇంటికి పోయి ముసలివాళ్లను అడిగి వచ్చారు. ఇప్పటికి పదకొండు చుక్కలు అయ్యాయి. రెండు చుక్కల దగ్గర పేరు మీద తగువు ఉంది, ఒక తాత ఒకటంటాడు, ఇంకో అవ్వ ఇంకోటంటుంది. వాటిని పెన్సిలుతో రాసి ఉంచాం. మే నెలలో జలాశయం మట్టం బాగా తగ్గినప్పుడు ఆ అవ్వను పడవ మీద తీసుకెళ్లి, రాళ్లు పైకి తేలితే చూపించి అడుగుతాం.